రాంచేరా ఎవరితో మొదలుపెట్టాలి? విసెంతే, హువాన్ గాబ్రియెల్, హొసే ఆల్ఫ్రెదో: ఎవరు మేలు?

టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. శనివారం సాయంత్రం పక్కింటి పెరట్లోంచి ట్రంపెట్లు వినిపిస్తాయి. ఎక్కడో రేడియోలో ఒక మగ గొంతు ఏడుపు ఆపుకుంటూ పాడుతున్నట్టు సాగుతుంది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా చెవి అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత నాకు మెసేజ్ వస్తుంది: "ఈ మరియాచి పాటలు వినాలనుందండీ, ఎవరితో మొదలుపెట్టమంటారు? విసెంతే ఫెర్నాండెజా, హువాన్ గాబ్రియెలా?" ఈ మధ్య కొందరు మూడో పేరు కూడా కలుపుతున్నారు, హొసే ఆల్ఫ్రెదో హిమెనెజ్. ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

అమెరికా రేడియోలు రీజనల్ మెక్సికన్ అనే ఒక్క పేరు పెట్టి మరియాచి (వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్ల మేళం), నోర్తేన్యో (అకార్డియన్ పాటలు), బందా (బాకాల మేళం), కొరిదోలు (కథాగీతాలు) అన్నిటినీ కలిపేస్తాయి. నేనిక్కడ చెప్పేది మరియాచి మేళంతో పాడే మెక్సికో పల్లెపాట, అంటే రాంచేరా గురించే. అడిగేవాళ్ళందరికీ చార్రో (మెక్సికో గుర్రపు రౌతు) దుస్తులూ, పెద్ద టోపీ, వయొలిన్లూ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

ఈ ముగ్గురి మధ్య తేల్చేది నా దృష్టిలో ఒక్కటే. వినేవాళ్ళకు స్పానిష్ వచ్చా, రాదా? గ్రామీలు ఎన్నొచ్చాయి, ఎన్ని రికార్డులు అమ్ముడుపోయాయి, ఎవరి కచేరీకి జనం ఎక్కువ వచ్చారు అన్నవి అభిమానులు వాదించుకోవడానికి బాగుంటాయి. కొత్తగా వినేవాడికి వాటితో పనిలేదు. హొసే ఆల్ఫ్రెదో పాటలో ప్రాణం మాటలో ఉంది. హువాన్ గాబ్రియెల్ పాటలో సగం మాటలో, సగం మనిషిలో ఉంది. విసెంతే పాటలో ప్రాణం గొంతులో ఉంది. భాష రానివాడికి ముందు చేరేది గొంతే. అందుకే నేను విసెంతే పేరే చెబుతాను. అయితే ఆ మాట చెప్పి ఊరుకుంటే మిగతా ఇద్దరికీ అన్యాయం చేసినట్టవుతుంది.

విసెంతే ఫెర్నాండెజ్ 1940 ఫిబ్రవరి 17న హలిస్కో రాష్ట్రంలో, గ్వాదలహారా శివార్లలోని హువెంతితాన్ ఎల్ ఆల్తోలో పుట్టారు. తండ్రి పశువులు పెంచే రైతు. చిన్నప్పుడు తల్లితో కలిసి గాయక నటుడు పెద్రో ఇన్ఫాంతే సినిమాలు చూసి, పెద్దయ్యాక నేనూ తెర మీది వీళ్ళలాగే అవుతానని ఆవిడతో అన్నారట. ఆ మాట నిజం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. హోటళ్ళలో గిన్నెలు కడిగారు, వడ్డన చేశారు, ఇళ్ళు కట్టే చోట తాపీ పని చేశారు. డబ్బుల కోసం రెస్టారెంట్లలో బల్లల దగ్గర నిలబడి పాడారు. 1963లో మరియా దెల్ రెఫూహియోను పెళ్ళి చేసుకున్నారు. ఆమెను జనమంతా ముద్దుగా కుకీతా అంటారు. తల్లి క్యాన్సర్‌తో పోయిందీ ఆ ఏడాదే. కొడుకు పేరు ఊరూరా మోగడం ఆవిడ చూడలేదు.

1966 ఏప్రిల్‌లో హవియర్ సోలీస్ అకస్మాత్తుగా చనిపోయారు. బొలేరో రాంచేరో, అంటే మరియాచి మేళంతో నెమ్మదిగా సాగే ప్రేమపాటలకు ఆయన అప్పటికి తిరుగులేని గాయకుడు, వయసు ముప్పై నాలుగే. రికార్డు కంపెనీలకు ఒక గొంతు కావలసి వచ్చింది. అంతకుముందు తలుపు తీయని చోట్ల నుంచే విసెంతేకు పిలుపులొచ్చాయి. ఆ ఏడాదే సీబీఎస్ మెక్సికోతో ఒప్పందం కుదిరింది. అసలు మలుపు మాత్రం 1972లో, ఫెర్నాందో మాల్దొనాదో రాసిన "వోల్వేర్ వోల్వేర్"తో వచ్చింది.

ఆ పాట దగ్గర కాసేపు ఆగాలి, నా జవాబంతా అందులోనే ఉంది. కథ చాలా చిన్నది. విడిపోయారు. ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకుంటున్నాడు, మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది. పల్లవికి ముందు విసెంతే గొంతు కిందిస్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు నడుస్తుంది. మేళం కూడా వెనక్కి తగ్గి ఉంటుంది, గీతారోన్ (మేళంలోని పెద్ద బేస్ గిటార్) తీగ అడుగున మెల్లగా కొడుతుంటుంది. తిరిగి వెళ్ళాలి అనే ఆ ఒక్క మాట రాగానే గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది. అచ్చును సాగదీస్తారు, సాగదీసిన చోటే గొంతు కొద్దిగా పగులుతుంది. ఆ పగలడం పొరపాటు కాదు, రాంచేరాలో అదొక విద్య. ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగినట్టుండాలి, నిజంగా ఏడిస్తే పాట పోతుంది. విసెంతే ఆ గీత దగ్గర నిలబడి ఎంతసేపైనా పాడగలరు. జనం గొంతు కలిపితే తను ఆగి వాళ్ళకు వదిలేస్తారు, మళ్ళీ అందుకునేటప్పుడు ఇంకో మెట్టు పైన అందుకుంటారు. స్పానిష్ ఒక్క ముక్క రానివాళ్ళకు ఈ పాట వినిపించి చూశాను. ఎవరూ అర్థం అడగలేదు.

మన చెవికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. స్పానిష్ మాటల్లో చాలావాటికి చివర అచ్చే వస్తుంది, సాగదీయడానికి వీలుంటుంది. తెలుగు పాటకు అలవాటుపడ్డ చెవి ఆ సాగుడుకు తడబడదు.

విసెంతేతో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. ఆయన రచయితగా పేరుపడ్డ మనిషి కాదు, ప్రధానంగా గాయకుడు. మనకు ఈ పద్ధతి కొత్త కాదు. పింగళి రాసినా సముద్రాల రాసినా ఘంటసాల నోట వచ్చేసరికి అది ఘంటసాల పాట అయిపోయేది. విసెంతే కూడా అంతే. మాల్దొనాదో పాట, మార్తీన్ ఉరియేతా పాట, హొసే ఆల్ఫ్రెదో పాట, ఏదైనా ఆయన పాడాక ఆయనదే. 2007లో హోవాన్ సెబాస్తియాన్ రాసి, నిర్మించిన "పారా సియెంప్రే" ఆల్బమ్ వచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషిని కుర్రకారు మళ్ళీ నెత్తిన పెట్టుకున్నారు. అంటే ఆయన్ని వింటే మెక్సికో రచయితలందరికీ దారి దొరుకుతుంది. ఏ పాట నచ్చితే ఆ రచయిత పేరు చూసుకుని, అక్కడినుంచి ముందుకు వెళ్ళవచ్చు.

ఇక వేదిక సంగతి. జనం ఆయన్ని ముద్దుగా "చెంతే" అని పిలుస్తారు. మీరు చప్పట్లు ఆపనంతవరకు మీ "చెంతే" పాట ఆపడు అనేవారు ఆయన. అది ఊరికే అనే మాట కాదు, కచేరీ గంటల తరబడి సాగేది. మైకును పక్కకు దించి, ఉత్త గొంతుతో చివరి వరుసదాకా వినిపించేవారు. 1984లో మెక్సికో సిటీలోని ఎద్దుల పోటీల మైదానం ప్లాజా మెహికోలో పాడిన కచేరీ రికార్డుగా వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు, గొంతు నిండు జవానీలో ఉంది. 2016 ఏప్రిల్ 16న అస్తేకా స్టేడియంలో ఉచితంగా వీడ్కోలు కచేరీ ఇచ్చారు. అప్పటికి ప్రోస్టేట్ క్యాన్సర్ దాటారు, కాలేయంలో కొంత భాగం తీసేశారు, వయసు డెబ్భై ఆరు. ఈ రెండు కచేరీల్లోనూ ఒకే పాట వెతికి పక్కపక్కన పెట్టి వినండి. రెండోదానిలో ఊపిరి తగ్గింది, పైస్థాయిలో జాగ్రత్త కనిపిస్తుంది. అయినా ఎక్కడ ఆగాలో, ఎక్కడ గుసగుసకు దించాలో ఇంకా బాగా తెలిసింది. గ్రామీ మొదటిసారి వచ్చింది కూడా 2010లో, డెబ్భైకి చేరువలో.

1998లో పెద్దకొడుకును ఎత్తుకుపోయారు. నాలుగు నెలలు చెరలో ఉంచి, రెండు వేళ్ళు నరికారు. ఆ నెలల్లో కూడా బయటికి ఒక్క మాట పొక్కనివ్వకుండా ఆయన పాడుతూనే ఉన్నారు. ఈ సంగతి తెలిశాక ఆ కాలపు రికార్డింగులు మామూలుగా వినడం నాకు సాధ్యం కాలేదు.

ఆయన మీద ఉన్న అభ్యంతరం కూడా చెప్పాలి, దాచడం సరికాదు. 2019లో ఒక ఇంటర్వ్యూలో, అప్పట్లో కాలేయ మార్పిడి వద్దన్నానని, ఇచ్చినవాడు స్వలింగ సంపర్కుడో మత్తుకు బానిసో అయి ఉండవచ్చని అన్నారు. ఆ మాట చాలామందిని గాయపరిచింది. గాయపరచాల్సిన మాటే. ఆ మాట విన్నాక విసెంతేను పక్కనపెట్టిన స్నేహితులు నాకున్నారు, వాళ్ళతో నేను వాదించను. వాళ్ళకు నేను చెప్పే పేరు హువాన్ గాబ్రియెల్.

హువాన్ గాబ్రియెల్ అసలు పేరు అల్బెర్తో ఆగిలేరా వాలదెజ్. 1950 జనవరి 7న మిచోఆకాన్ రాష్ట్రంలోని పరాకువారోలో, పదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టారు. తండ్రికి మతి చలించి మెక్సికో సిటీలో మానసిక వైద్యశాల పాలయ్యాడు. తల్లి పిల్లల్ని తీసుకుని అమెరికా సరిహద్దున ఉన్న సియుదాద్ హువారెజ్‌కు వెళ్ళి ఇళ్ళల్లో పనికి చేరింది. చిన్నవాణ్ణి ఒక శరణాలయంలో పెట్టింది. అక్కడ హువాన్ కొంత్రేరాస్ అనే మాస్టారు రేకు పని, సంగీతం నేర్పారు. వేదిక పేరులో హువాన్ ఆ మాస్టారిది, గాబ్రియెల్ కన్నతండ్రిది. ఆ పిల్లవాడు పెద్దయి ఎవరికి రుణపడ్డాడో ఆ పేరే చెబుతుంది.

పదహారు, పదిహేడేళ్ళకు హువారెజ్‌లోని నోవా నోవా అనే బార్‌లో పాడేవారు. అవకాశాల కోసం రాజధానికి వెళితే, చేయని దొంగతనం మీదపడి లెకుంబెర్రీ జైల్లో ఏడాదిన్నర గడపాల్సి వచ్చింది. లా ప్రియేతా లిందా అని పేరున్న గాయని ఎన్రికేతా హిమెనెజ్ చొరవ తీసుకోవడంతో బయటపడ్డారు. 1971లో మొదటి హిట్ వచ్చింది, చేతిలో డబ్బు లేదు, ఇవ్వడానికి ప్రేమ తప్ప ఏమీ లేదు అనే పాట. జైలు నుంచి వచ్చిన కుర్రాడి నోట ఆ మాట ఎంత సూటిగా ఉందో.

రచయితగా హువాన్ గాబ్రియెల్ విసెంతేకు అందనంత ఎత్తు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. తల్లి 1974లో పోయింది. ఆమెను తలచుకుని రాసిన "అమోర్ ఎతేర్నో"ను 1984లో స్పెయిన్ గాయని రొసీయో దుర్కాల్ పాడింది. మెక్సికోలో ఈ రోజుకీ అంత్యక్రియల్లో, మదర్స్ డే నాడు ఆ పాట వినిపిస్తుంది. రాంచేరా, బాలడ్, డిస్కో, ఏ బాణీలోనైనా మాట జనం నోట్లో మాటలాగే ఉంటుంది. వ్యాకరణం చెడినా పట్టించుకోరు. మన పల్లెల్లో ఆడవాళ్ళు గొడవపడేటప్పుడు వాక్యం ఎలా విరుగుతుందో అలాగే విరుగుతుంది.

అందుకే ఆయన పాట భాష రానివాడికి పూర్తిగా అందదు. గొంతు మంచిదే, పెద్దది కాదు. పాడేటప్పుడు ఒక్కో చోట మాటల్ని గబగబా కలిపేస్తారు, ఒక్కో చోట మాట్లాడేస్తారు. స్పానిష్ తెలిస్తే అక్కడే గుండె పట్టేస్తుంది, తెలియకపోతే అక్కడే పాట జారిపోతుంది. చెవితో వినడం కంటే ఆయన్ని చూడాలి. 1990 మేలో మెక్సికో సిటీలోని బెయాస్ ఆర్తెస్ మందిరంలో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పాడిన కచేరీ వీడియో దొరుకుతుంది. ఒపెరాలు, బాలేలు జరిగే చోట బజారు పాటలేమిటని పెద్దలు గగ్గోలు పెట్టారు. ఆ కచేరీలోనే ఆయన "ఆస్తా కె తె కొనొసీ" పాడారు. నిన్ను కలిసేదాకా నాకు బాధంటే తెలియదు అని నెమ్మదిగా ఎత్తుకుని, పోనుపోను లయ పెంచి, ఆర్కెస్ట్రా ముందు గిరగిరా తిరుగుతూ నాట్యం చేస్తారు. మీసం మెలేసే చార్రోల సంగీతంలో ఆ నడక, ఆ చేతులు, ఆ కళ్ళు ఎవరూ ఊహించనివి. 2002లో ఒక విలేకరి ఆయన లైంగికత గురించి సూటిగా అడిగితే, కంటికి కనబడేదాన్ని అడగరు బాబూ అని జవాబిచ్చారు. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. 2016 ఆగస్టు 28న శాంటా మోనికాలో చనిపోయాక, అదే బెయాస్ ఆర్తెస్‌లో ఆయన అస్థికలుంచి నివాళి అర్పించారు. వేలాదిమంది వరుసకట్టారు.

ఇద్దరూ పోటీదారులే అనుకునేవాళ్ళు "లా దిఫెరెన్సియా" వినాలి. రాసింది హువాన్ గాబ్రియెల్, 1982లో పాడింది విసెంతే. నువ్వు నన్ను ప్రేమించకపోయినా సరే, నేను ప్రేమిస్తూనే ఉంటాను, నీ చోట నేనుంటే నిన్ను ప్రేమించేవాణ్ణి, మన మధ్య తేడా బహుశా అదే అనే భావం. గర్వంగా ఛాతీ విరుచుకునే గొంతులో ఇంత ఓటమి పలకడం ఆశ్చర్యంగా ఉంటుంది. రాసినవాడి లొంగుబాటు, పాడినవాడి బింకం ఒక్కచోట కలిశాయి. నా దృష్టిలో ఈ ఇద్దరి గురించి ఒకే పాట వినాలంటే అదే వినాలి.

హొసే ఆల్ఫ్రెదో హిమెనెజ్ వీళ్ళిద్దరికంటే ముందు తరం. 1926లో గ్వానాహువాతో రాష్ట్రంలోని దొలోరెస్ హిదాల్గోలో పుట్టారు. కుర్రతనంలో ఫుట్‌బాల్ గోల్‌కీపర్, ఆ తర్వాత ఒక రెస్టారెంట్‌లో వడ్డన. ఏ వాయిద్యమూ రాదు, స్వరం రాయడం రాదు. బాణీ ఈల వేసి వినిపిస్తే రుబేన్ ఫువెంతెస్ మేళానికి కూర్చేవారు. తాగుడు కాలేయాన్ని తినేసింది, 1973లో నలభై ఏడేళ్ళకే పోయారు. సొంత ఊళ్ళో సమాధి మీద పెద్ద టోపీ, పక్కనే రంగుల సరాపే దుప్పటి చెక్కించారు.

ఆయన "ఎల్ రెయ్" మెక్సికోలో తాగినవాడికీ తాగనివాడికీ నోటికి వచ్చు. సింహాసనం లేదు, రాణి లేదు, అర్థం చేసుకునేవాళ్ళు లేరు, అయినా నేను రాజునే అంటాడు ఓడిపోయినవాడు. ఆయన సొంత గొంతులో వింటే అది కల్లుపాకలో పక్కన కూర్చున్న మనిషి చెప్పుకుంటున్నట్టుంటుంది. సాగదీతలు లేవు, ప్రదర్శన లేదు. విసెంతే గొంతులో వింటే నిజంగానే ఒక రాజు లేచి నిలబడ్డట్టుంటుంది. హొసే ఆల్ఫ్రెదోదే నిజమైనదని చాలామంది అంటారు, స్పానిష్ వచ్చినవాళ్ళకు అది నిజమే కావచ్చు. భాష రానివాడికి మాత్రం ఆ సాదా గొంతులో పట్టుకోవడానికి ఏమీ కనబడదు. రెండు పాటలు విని పక్కనపెట్టేస్తాడు. అంత గొప్ప కవిని అలా పోగొట్టుకోకూడదు. 1990లో విసెంతే ఆయన పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. ముందు అది వినండి, మాటలు కాస్త పరిచయమయ్యాక అసలు గొంతు దగ్గరికి వెళ్ళండి.

మిగతావాళ్ళ గురించి క్లుప్తంగా. పెద్రో ఇన్ఫాంతేను సినిమాలతో కలిపి చూస్తేనే అందం, ఉత్త పాటలుగా కాదు. హోర్హే నెగ్రెతేది ఒపెరా తరహా గొంతు, శాస్త్రీయంగా వినేవాళ్ళకు నచ్చుతుంది. హవియర్ సోలీస్ రాత్రిపూట వినడానికి బాగుంటారు. చలీనో సాంచెజ్, జెన్నీ రివేరా వేరే దారి: కొరిదోలూ బందాలూ. వాళ్ళని రాంచేరాతో పోల్చడం ఇద్దరికీ మంచిది కాదు.

కాబట్టి స్పానిష్ రానివాళ్ళు విసెంతే 1984 ప్లాజా మెహికో రికార్డుతో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకరులో కాదు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని. గొంతు గుసగుసకు దిగే చోట్లు చిన్న స్పీకర్లలో పోతాయి. తర్వాత "లా దిఫెరెన్సియా", ఆ తర్వాత హొసే ఆల్ఫ్రెదో పాటల ఆల్బమ్. అప్పటికి గుండె, మందు, మరచిపోవడం, తిరిగి రావడం లాంటి మాటలు పదే పదే తగిలి వాటంతటవే నోటికొస్తాయి. కొద్దో గొప్పో స్పానిష్ వచ్చినవాళ్ళు, హైస్కూల్లో నేర్చుకుంటున్న పిల్లలున్నవాళ్ళు మాత్రం తిన్నగా బెయాస్ ఆర్తెస్ వీడియో పెట్టుకోండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుంటే అర్థంకాని మాటలు వాళ్ళే చెబుతారు.